51 ఓక్ దుంగలు: గ్రీన్‌స్టెడ్ గ్రామ చర్చి కేస్ స్టడీ

ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ కౌంటీలో చిపింగ్ ఆంగర్ అనే చిన్న పట్టణం ఉంది. దానికి పడమరగా మైలు దూరంలో, పొలాల నడుమ గ్రీన్‌స్టెడ్ ఊరి చర్చి కనిపిస్తుంది. సెయింట్ ఆండ్రూ పేరు మీద వెలసిన చర్చి అది. పడమటి కొసన తెల్లటి చెక్కపలకలు తొడిగిన గంటగోపురం, తూర్పు కొసన ఎర్ర ఇటుక గది, పైన ఎర్ర పెంకుల కప్పు. ఈ మూడింటి మధ్య ఇరుక్కుని, నిలువుగా పక్కపక్కనే నిలబెట్టిన ఓక్ దుంగల గోడ ఉంది. ఇప్పుడు లెక్కకు వచ్చే దుంగలు 51. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో గ్రామ చర్చి అంటే అందరికీ గుర్తొచ్చేది రాతి కట్టడం. రాతికి ముందు ఊళ్లలో కట్టుకున్నవి ఎక్కువగా చెక్క చర్చిలే, కానీ వాటిలో దాదాపు ఏదీ మిగల్లేదు. గ్రీన్‌స్టెడ్ గోడ మాత్రం మిగిలింది.

ప్రపంచంలోకెల్లా పాత చెక్క చర్చి అనే పేరు దీనికి ఎప్పటినుంచో ఉంది. ఆ పేరును పక్కనపెట్టి గోడను గోడగా చూస్తేనే దీని విలువ సరిగ్గా తెలుస్తుంది. దాన్ని ఎలా కట్టారు, వయసు ఎలా తేలింది, ఎక్కడ కుళ్లింది, ఎలా బాగుచేశారు, ఆ బాగుచేతలో ఏం పోయింది అన్నవే ఇక్కడ చూడాల్సినవి.

మూడు భాగాలు, మూడు వయసులు

ఊరి చర్చి ప్లాన్‌లో ముఖ్యమైనవి రెండు గదులు. పడమటి వైపు ఊరివాళ్లు నిలబడే పొడవాటి హాలు నేవ్. తూర్పున బలిపీఠం ఉండే, ఫాదిరీ ఆరాధన నడిపే చిన్న గది ఛాన్సెల్. గ్రీన్‌స్టెడ్‌లో నేవ్ చెక్కది, ఛాన్సెల్ ఇటుకది. ఇప్పుడున్న ఇటుక ఛాన్సెల్ 1500 ప్రాంతంలో, ట్యూడర్ వంశపు రాజుల కాలంలో చేసిన పని. దాని గోడల అడుగు వరసల్లో చెకుముకి రాళ్లు కనిపిస్తాయి. అవి అంతకుముందు నార్మన్ కాలంలో కట్టిన ఛాన్సెల్ తాలూకు మిగులు. గోపురం ఇంకా తర్వాతిది. అందులోని ఒక గంట మీద విలియం లాండ్ అనే పోతపనివాడి పేరు, 1618 అనే ఏడు ఉన్నాయి. గంట మీది ఏడు గంటకే చెల్లుతుంది, గోపురానికి కాదు. గంటలు గోపురం నుంచి గోపురానికి మారుతూ ఉంటాయి కాబట్టి ఒకదాని తేదీని ఇంకోదానికి అంటగట్టకూడదు.

ఛాన్సెల్‌ను రెండుసార్లు కొత్తగా కట్టి, నేవ్‌ను మాత్రం చెక్కలోనే ఎందుకు ఉంచేశారు? మధ్యయుగపు ఇంగ్లండ్‌లో 13వ శతాబ్దం నుంచి స్థిరపడిన ఏర్పాటు ఒకటుంది. ఛాన్సెల్ మరమ్మతు రెక్టర్ బాధ్యత, అంటే ఆ ఊరి పంటలో పదోవంతు అందుకునే చర్చి అధికారిది. నేవ్ మరమ్మతు ఊరివాళ్ల బాధ్యత. ఒకే కప్పు కింద రెండు జేబులు అన్నమాట. పదోవంతు అందుకునేవాడికి ఇటుక పెట్టే స్తోమత ఉంటుంది. చిన్న ఊరి రైతులు మాత్రం ఉన్న గోడను నిలుపుకుంటూ వస్తారు. గ్రీన్‌స్టెడ్‌లో జరిగింది సరిగ్గా ఇదేనని చెప్పే పత్రం చేతిలో లేకున్నా, ఇంగ్లండ్‌లో ఏ ఊరి చర్చికి వెళ్లినా ముందు నేవ్‌కీ ఛాన్సెల్‌కీ మధ్య అతుకు చూడాలి. డబ్బు ఎటువైపు ఉండేదో చాలాసార్లు ఆ అతుకు దగ్గరే తెలిసిపోతుంది.

నేవ్ చాలా చిన్నది. 18వ శతాబ్దంలో తీసిన కొలతల ప్రకారం పొడవు సుమారు 30 అడుగులు, వెడల్పు 14 అడుగులు, పక్కగోడల ఎత్తు పై దూలం దాకా ఐదున్నర అడుగులు. పక్కగోడ దగ్గర మనిషి నిలబడితే తల కప్పుకు తగిలేంత ఎత్తే.

ఒక దుంగను దగ్గరగా చూస్తే

ఓక్ మానును నిలువునా రెండుగా చీల్చారు. సగం దుంగకు ఒకవైపు గుండ్రంగా, ఇంకోవైపు చదునుగా ఉంటుంది. గుండ్రటి వైపు బయటికి, చదును వైపు లోపలికి వచ్చేలా నిలబెట్టారు. అందుకే బయటినుంచి చూస్తే చెట్లు వరసగా నిలబడినట్టు, లోపలినుంచి చూస్తే పలకల గోడలా ఉంటుంది. లోపలి చదును మీద బాడిసతో చెక్కిన గాట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేస్తే ఒక్కో గాటూ చిన్న లోతట్టు గిన్నెలా తేలుతుంది. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు.

మానును గుండ్రంగా అలాగే వాడకుండా చీల్చడానికి గట్టి కారణమే ఉంది. పచ్చి ఓక్ ఆరేటప్పుడు వలయాల వెంబడి 8 శాతం దాకా ముడుచుకుంటుంది, నడిమధ్య నుంచి బెరడు వైపు అందులో సగమే. ఈ తేడా వల్ల గుండ్రటి మాను ఎక్కడో ఒకచోట నడిమి దాకా పగలక తప్పదు. ముందే రెండుగా చీలిస్తే ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది, చదును వైపు కాస్త ఉబ్బి సర్దుకుంటుంది. పైగా చీల్చిన చెక్కలో పగులు నార వెంటే నడుస్తుంది, నార తెగదు. రంపంతో కోస్తే నార అడ్డంగా తెగి, తెగినచోటల్లా నీరు పీల్చుకుంటుంది. అప్పటి వడ్రంగులకు గొడ్డలి, చీలలు, బాడిస, బరమా చాలు. ఆ పనిముట్లతో వచ్చిన ఫలితం రంపపు కోత కంటే మన్నికైనది.

తర్వాత దుంగల మధ్య సందు. 12 అంగుళాల చదును ముఖం పూర్తిగా ఆరేసరికి అర అంగుళం దాకా తగ్గొచ్చు. దుంగలను ఎంత ఒత్తి నిలబెట్టినా ఏడాది రెండేళ్లలో సందులు పడతాయి, వాటిలోంచి గాలీ వానా లోపలికొస్తాయి. దీనికి వాళ్లు చేసిన ఉపాయం ఇది. ప్రతి దుంగ రెండు అంచుల్లోనూ నిలువునా గాడి తీశారు. రెండు దుంగల గాళ్లు ఎదురెదురుగా వచ్చినచోట పలుచటి ఓక్ పట్టీ ఒకటి దించారు. ఆ పట్టీ దేనికీ బిగించి ఉండదు, రెండు గాళ్లలోనూ వదులుగా నిలబడుతుంది. దుంగలు ముడుచుకుని దూరం జరిగినా పట్టీ ఇంకా రెండు గాళ్లలోనే ఉంటుంది కాబట్టి సందు కనబడదు. పట్టీని ఒకవైపు మేకుతో బిగించి ఉంటే మొదటి ఎండాకాలంలోనే చీలిపోయేది. కొత్తగా మరమ్మతు చేసేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. వదులుగా ఉన్నది చూసి పాడైందనుకుని జిగురో మేకో పెట్టేస్తారు.

పై కొసలను పలుచగా చెక్కి, పై దూలంలో తీసిన గాడిలోకి దించి, చెక్క మేకులతో పట్టారు. ఇనుప మేకులు వాడకపోవడం మంచిదైంది. ఓక్‌లోని టానిన్ ఇనుమును తినేస్తుంది, ఆ తుప్పు చుట్టూ చెక్కను నల్లబరిచి మెత్తబరుస్తుంది. మూలల్లో సగం దుంగ సరిపోదు. అక్కడ పూర్తి మాను తీసుకుని, లోపలివైపు పావు భాగం మాత్రం తొలిచి, గది మూల సరిగ్గా వచ్చేలా నిలబెట్టారు.

ఇలాంటి గోడలో కిటికీకి చోటు లేదు. ఇప్పుడు లోపలికి వచ్చే వెలుతురు చాలావరకు తర్వాతి కాలాల్లో కప్పులోకి చేర్చిన కిటికీలది. ఉత్తరపు గోడలో దుంగను తొలిచిన చిన్న కంత ఒకటుంది. కుష్ఠురోగులు బయట నిలబడి ఆరాధన చూడటానికి పెట్టారని చెబుతుంటారు. కంత పరిమాణం, అది ఉన్న చోటు చూస్తే, లోపలికి వచ్చేవాళ్లు వేళ్లు ముంచుకునే పవిత్రజలం గిన్నె కోసం అనుకోవడమే సబబు.

వయసు: 845 నుంచి 1063 దాకా ఎలా జరిగింది

1960లో చెక్క వలయాల పద్ధతితో తేల్చిన తేదీ 845 ప్రాంతం. 1995లో మళ్లీ చేసిన పరీక్ష దాన్ని రెండు శతాబ్దాలకు పైగా ముందుకు జరిపింది. దుంగల్లో దొరికిన చివరి వలయం 1053 నాటిది, మాన్లు నరికింది 1063 నుంచి 1100 దరిదాపుల్లో. ఆంగ్లో శాక్సన్ రాజుల చివరి రోజులు, లేదా 1066లో నార్మన్లు గెలిచిన తర్వాతి తరం. పాత తేదీ పోయిందని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

పద్ధతి ఇది. ఓక్ ఏడాదికి ఒక వలయం వేస్తుంది. వాన బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. ఒక ప్రాంతంలోని చెట్లన్నీ దాదాపు ఒకే వరసలో వెడల్పూ సన్నం వేస్తాయి. దుంగలోంచి సన్నటి చెక్క కడ్డీ తీసి, నున్నగా చేసి, ఒక్కో వలయాన్ని మిల్లీమీటర్‌లో నూరోవంతు దాకా కొలుస్తారు. ఆ వరసను ఇప్పటికే తేదీ తెలిసిన వలయాల పట్టికతో జరుపుకుంటూ సరిపోల్చి, ఎక్కడ అతుకుతుందో చూస్తారు. కడ్డీలో కనీసం 50 వలయాలైనా ఉండాలి. అంతకంటే తక్కువైతే పొరపాటున ఎక్కడైనా అతికినట్టు కనిపిస్తుంది.

1960లో ఇంగ్లండ్ ఓక్‌కు నమ్మదగిన స్థానిక పట్టికలు ఇంకా తయారు కాలేదు. అవి తర్వాతి దశాబ్దాల్లో వందలాది భవనాల చెక్కతో కూర్చినవి. పట్టిక లేకుండా సరిపోల్చడం అంటే కొలబద్ద లేకుండా కొలవడమే. 845 తప్పడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో చిక్కు ఉంది, అది ఇప్పటికీ ప్రతి పాత చెక్క దగ్గరా ఎదురవుతుంది. ఓక్‌లో నడిమి చెక్క చేవ. దానికీ బెరడుకీ మధ్య లేతరంగు తెల్లచెక్క ఉంటుంది. పురుగూ బూజూ ముందు తినేది తెల్లచెక్కనే, అందుకే వడ్రంగి బాడిసతో దాన్ని చెక్కేస్తాడు. మిగిలిందేమైనా ఉంటే తొమ్మిది వందల ఏళ్ల వానకు అదీ పోతుంది. కానీ చెట్టు నరికిన ఏడు తెలియాలంటే కావాల్సింది ఆఖరి వలయమే, బెరడు కింద ఉండేది. అది పోయినప్పుడు పోయినదాన్ని అంచనా వేయాలి. బ్రిటన్ ఓక్‌కు తెల్లచెక్కలో సాధారణంగా 10 నుంచి 55 వలయాలు ఉంటాయని వాడుకలో ఉన్న లెక్క. 1053కి 10 కలిపితే 1063. ఇంతకంటే ముందు ఆ మాను నరికే అవకాశం లేదు. 55 కలిపితే 1108. అందుకే జవాబు ఒక ఏడుగా కాక కొన్ని దశాబ్దాల వెడల్పుతో వస్తుంది. ఏ పాత చెక్క కట్టడానికైనా ఒకే ఒక్క ఏడు చెబితే, బెరడు అంచు దొరికిందా అని అడగాలి. దొరక్కపోతే ఆ ఏడును నమ్మకూడదు.

ఈ కొత్త తేదీ ఇంకో పాత కథను కూడా కదిలించింది. 869లో డెన్మార్క్ వైపు నుంచి దండెత్తిన డేన్ల చేతిలో చనిపోయిన ఈస్ట్ ఆంగ్లియా రాజు ఎడ్మండ్‌ను జనం సెయింటుగా కొలిచారు. 1013లో ఆయన దేహాన్ని లండన్ నుంచి బెరీ సెయింట్ ఎడ్మండ్స్‌కు తిరిగి తీసుకెళ్లేటప్పుడు ఆంగర్ దగ్గర చెక్క చర్చిలో ఆగారని చెబుతారు. ఆ చర్చి ఇదేనని గ్రీన్‌స్టెడ్‌లో నమ్మకం. 1013 నాటికి ఈ దుంగలు ఇంకా అడవిలో చెట్లుగా ఉన్నాయి. అలాగని కథ మొత్తం కొట్టేయాల్సిన పనిలేదు. 1960లో ఛాన్సెల్ నేల కింద తవ్వినప్పుడు అంతకుముందటి రెండు చెక్క కట్టడాల జాడలు దొరికాయి. వాటిని 6, 7 శతాబ్దాల నాటివిగా అంచనా వేశారు. అంటే ఇక్కడ చర్చి ఈ గోడ కంటే పాతది, గోడ చర్చి కంటే కొత్తది. స్థలం వయసు, సంస్థ వయసు, చెక్క వయసు మూడూ వేరువేరుగా రాసుకోకపోతే ఊరి చరిత్ర ఎప్పుడూ గందరగోళమే.

1848: కాపాడిన కోత

నిలువు దుంగకు ప్రాణాంతకమైన చోటు దాని అడుగు. చెక్క నార గడ్డిపరకల కట్ట లాంటిది. పక్కల నుంచి పీల్చే నీటికంటే కొసన తెగిన నార నుంచి ఎన్నో రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఆ కొస నేల మీదో, నేలను తాకే దూలం మీదో నిలబడితే ఏడాది పొడవునా తడే. చెక్కలో తేమ 20 శాతం దాటి ఎక్కువకాలం నిలిస్తే బూజు పట్టడం మొదలవుతుంది. దానికితోడు సమాధుల వల్ల చర్చి చుట్టూ మట్టి శతాబ్దాలుగా పెరుగుతూ వస్తుంది. మొదట నేలకు పైనున్న చెక్క క్రమంగా నేలలోకి దిగిపోతుంది.

1848లో ఫిలిప్ రే రెక్టర్‌గా ఉన్న కాలంలో పెద్ద మరమ్మతు మొదలైంది. దుంగల కింది కొసలు అప్పటికే కుళ్లిపోయాయి. కుళ్లిన మేరకు కోసేసి, కింద ఇటుకలతో పొట్టి గోడ కట్టి, దాని మీద కొత్త ఓక్ దూలం పరిచి, దుంగలను ఆ దూలం మీద నిలబెట్టారు. కప్పునూ చాలావరకు కొత్తగా చేశారు. ఈ పని జరగకపోతే ఇవాళ చూడటానికి ఏమీ మిగిలేది కాదు. కొసలను నేల నుంచి పైకెత్తడమే వాటికి అవసరమైన మందు.

పోయింది కూడా తక్కువేం కాదు. గోడ అసలు ఎత్తు ఎంతో ఇక దుంగల మీద కొలవలేం. మొదటి వడ్రంగి కింది కొసను ఎలా చెక్కాడు, మట్టిలో పాతాడా, దూలంలో దించాడా అని అడిగితే సాక్ష్యం ఇవ్వాల్సిన చెక్కే ఆ కోతలో పోయింది. విక్టోరియా రాణి కాలపు ఈ పనిని తిట్టడం సులువు. ఆనాటికి వానకు నిలిచే నేటి తరహా జిగురులు లేవు, తేమ కొలిచే మీటర్ లేదు. ఇవాళ అదే పని చేస్తే కుళ్లిన భాగాన్ని మాత్రం ఏటవాలుగా కోసి, అదే జాతి ఓక్ ముక్కను అతికి, కోసిన ప్రతి ముక్కకూ నంబరు వేసి దాచిపెడతాం. 51 దుంగల కింది కొసలు దాచి ఉంటే, అవి ఇప్పుడు గోడ అంత విలువైనవి.

అదే కాలంలో ఈ ఊరికి ఇంకో చరిత్ర తోడైంది. కూలిరేట్ల కోసం సంఘం పెట్టుకున్నందుకు 1834లో డోర్సెట్‌లోని టాల్‌పడల్ నుంచి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపిన ఆరుగురు వ్యవసాయ కూలీల్లో కొందరికి, క్షమాభిక్ష మీద తిరిగొచ్చాక ఇక్కడే సాగుభూములు కౌలుకు దొరికాయి. వాళ్లలో జేమ్స్ బ్రైన్ 1839లో ఇదే చర్చిలో ఎలిజబెత్ స్టాండ్‌ఫీల్డ్‌ను పెళ్లాడాడు. కార్మిక సంఘాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఈ చర్చి రిజిస్టర్ దుంగలంత ముఖ్యం.

ఇప్పుడు ఏం చూడాలి, ఎక్కడ పొరపాటు పడతారు

ఇంగ్లండ్ చర్చి నిబంధనల ప్రకారం ప్రతి ఐదేళ్లకు ఒకసారి ఆర్కిటెక్ట్ లేదా సర్వేయర్ భవనం మొత్తం పరిశీలించి నివేదిక ఇవ్వాలి. 1955 నుంచి ఉన్న ఏర్పాటు ఇది. చర్చిలో మార్పు చేయాలంటే డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) నుంచి ఫ్యాకల్టీ అనే అనుమతి తీసుకోవాలి. ఐదేళ్ల మధ్యలో చూడాల్సింది మాత్రం ఊరివాళ్లే.

మొదటిది ఇటుక గోడ మీది దూలం. ఇప్పుడు బలహీనమైన చోటు అదే, ఎందుకంటే కోత దుంగలను ఎత్తింది కానీ ఇటుక ఇంకా నేల మీదే ఉంది. కప్పు నుంచి జారిన వాన నేల మీద పడి ఒక అడుగు ఎత్తు దాకా చిందుతుంది. గట్టర్ ఆకులతో పూడితే అదే నీరు ధారగా ఒకే చోట పడుతుంది. గోడ పక్కన మట్టి పెరిగినా, గడ్డి ఎత్తుగా ఎదిగినా ఇటుక ఆరదు. ఇటుక కీళ్లు పోతే సున్నంతోనే పూయాలి. సిమెంటు పూస్తే తేమ ఇటుకలోంచి బయటికి రాలేక పైకి ఎక్కి దూలాన్ని పట్టుకుంటుంది. ఇటుక గట్టిగా కనిపిస్తూ, దూలం లోపల్లోపల మెత్తబడుతుంది.

దుంగల పగుళ్లను చూసి కంగారుపడక్కర్లేదు. ఓక్ ఆరినప్పుడు నిలువునా పడే పగులు బలానికి పెద్దగా నష్టం చేయదు. వాటిని పుట్టీతోనో రబ్బరు లప్పంతోనో నింపడం ప్రమాదం. పైనుంచి దిగిన నీరు ఆ లప్పం వెనక చేరి కిందికి పోయే దారి లేక నిలుస్తుంది. వార్నిష్ కూడా అంతే, తేమను లోపల బంధిస్తుంది. బూడిదరంగుకు తిరిగిన ఓక్ తన పైపొరతో తానే కాపాడుకుంటుంది, దాన్ని ముట్టుకోకపోవడమే మంచిది.

పురుగు విషయానికొస్తే, పాత ఓక్‌కు అసలు శత్రువు డెత్‌వాచ్ బీటిల్. దాని లార్వా చెక్కలోపల ఏళ్ల తరబడి తొలుస్తూ ఉంటుంది. వసంతంలో పెద్ద పురుగు బయటపడేటప్పుడు 3 మిల్లీమీటర్ల గుండ్రటి కంత వదులుతుంది. కంతలున్నాయంటే పురుగు ఇంకా ఉందని కాదు. ఏప్రిల్‌లో కంతల మీద పలుచటి కాగితం అతికించి జులైలో చూడాలి. కాగితానికి కొత్త రంధ్రం పడితేనే పురుగు బతికుంది. మందు పైన కొడితే లోపలికి చేరదు. ఈ పురుగుకు కావాల్సింది బూజుతో మెత్తబడిన తడి ఓక్, అందుకే ముందు తేమ ఎక్కడినుంచి వస్తుందో పట్టుకుని ఆపాలి.

అన్నిటికంటే ఉపయోగపడేది చవకైన పని. దుంగలకు 1 నుంచి 51 దాకా నంబర్లు వేసి, ఆ నంబర్లు గోడ మీద కాకుండా నేల ప్లాన్ మీద రాసుకోవాలి. ఏడాదికి రెండుసార్లు, శీతాకాలం చివర ఒకసారి, వేసవి చివర ఒకసారి, ఒక్కో దుంగ అడుగున అంగుళం ఎత్తులోనూ, అడుగు ఎత్తులోనూ, నడుమలోనూ తేమ కొలవాలి. మూడు అంకెలూ 20 శాతం లోపు, దగ్గరదగ్గరగా ఉంటే చెక్క ఆరోగ్యంగా ఉన్నట్టు. అడుగున 20 దాటి, నడుమ 15 దగ్గర ఉంటే నీరు కింది నుంచి వస్తోంది, ఇటుకను, గట్టర్‌ను చూడాలి. నడుమే ఎక్కువగా ఉంటే పై దూలం దగ్గర పెంకు జారి ఉంటుంది. ఆ ఎక్కువ అంకె వేసవి చివరి కొలతలోనూ తగ్గకపోతే ఆ దుంగ నంబరు తర్వాతి నివేదికలో మొదటి పేజీలో ఉండాలి.